మున్షీ కలం నుంచి పత్రిక డెస్కు దాకా

చార్మినార్ దాటి దక్షిణంగా లాల్‌దర్వాజ వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక పేట పేరు తెలుగులో ఒకచోట శాలిబండ, ఒకచోట షాలిబండ, ఇంకోచోట షాఅలీబండ. పత్తర్‌గట్టి, పత్తర్‌ఘట్టి సంగతీ అంతే. బోనాల రోజుల్లో పాతబస్తీ వార్తలు వరసగా చదివేవాళ్లకు ఇవి వేర్వేరు చోట్లేమో అన్న అనుమానం కలిగినా తప్పు లేదు. పత్రికలకూ ప్రచురణ సంస్థలకూ శైలి పుస్తకం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే. ఏ మాటను ఎలా రాయాలి, ఎవరిని ‘ఆయన’ అనాలి, సంఖ్యను అంకెలో వేయాలా అక్షరాల్లోనా, పరభాషా పదాన్ని ఎంతవరకు రానివ్వాలి అన్నవాటికి ముందే ఒక తీర్పు రాసిపెట్టుకుంటే, పది మంది రాసినా పాఠకుడికి ఒకే చేతిరాతలా కనబడుతుంది.

ఈ పద్ధతికి పుట్టిల్లుగా సాధారణంగా పాశ్చాత్య ముద్రణాలయాలనే చెబుతారు. ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం అధిపతి హొరేస్ హార్ట్ 1893లో తన కంపోజిటర్ల కోసం కొన్ని నియమాలు అచ్చువేశాడు. బయటివాళ్లూ అడగడంతో 1904 నుంచి వాటిని అమ్మకానికి పెట్టారు. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం తన నియమావళిని 1906లో తెచ్చింది. కానీ దక్కన్‌లో రాతకు నియమాలు కట్టిన పుస్తకం అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే ఉంది.

బీదర్‌లో బహమనీ సుల్తానుల మంత్రిగా పనిచేసిన మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. లేఖారచన మీద పారశీకంలో ‘మనాజిర్-ఉల్-ఇన్షా’ అనే శాస్త్రగ్రంథం రాశాడు. తాను రాసిన లేఖలను ‘రియాజ్-ఉల్-ఇన్షా’గా కూర్చాడు. ఇన్షా అంటే ఆ కాలపు కార్యాలయ రచనా కళ. రాసేవాడెవరు, అందుకునేవాడెవరు, ఇద్దరి హోదాల మధ్య దూరమెంత అన్నదాన్ని బట్టి సంబోధన, దీవెన, విన్నపం, ముగింపు అన్నీ మారిపోయేవి. ఈ మర్యాద వాక్యాలకు అల్కాబ్-ఓ-ఆదాబ్ అని పేరు. వాటిలో ఒక మెట్టు ఎక్కువైనా తక్కువైనా అది రాజకీయ తప్పిదమే. గవాన్ ప్రాణం పోయిందీ ఒక ఉత్తరం వల్లనే. శత్రువులు ఖాళీ కాగితం మీద అతని ముద్ర వేయించుకుని, ఒడిశా రాజును దండెత్తి రమ్మని అతను పిలిచినట్టు లేఖ సృష్టించారు. ముద్ర తనదేననీ, ఆ రాత సంగతి తనకు తెలియదనీ చెప్పుకున్నా సుల్తాను వినలేదు. 1481లో కొండపల్లి విడిదిలో అతన్ని చంపించాడు.

బహమనీ రాజ్యం ముక్కలైనా ఆ కలం అలవాట్లు గోల్కొండకు చేరాయి. 1591లో హైదరాబాద్ వెలిశాక కుతుబ్‌షాహీ దర్బారు పారశీకంతో పాటు తెలుగులోనూ ఫర్మానాలు ఇచ్చింది. ఒకే కాగితం మీద రెండు భాషలు ఒకే అధికారాన్ని పలకాలంటే ఏ పదవిని తెలుగులో ఏమనాలో, భూమి కొలతను ఎలా రాయాలో రాయసగాళ్ల మధ్య ఒప్పందం ఉండి తీరాలి. ఈ నగరంలో రెండు భాషల రాతకోతలు అప్పటి నుంచీ నడుస్తున్నవే.

నిజాంలైన అసఫ్‌జాహీల కాలంలో ఆ ఒప్పందం దఫ్తర్లలో స్థిరపడింది. దఫ్తర్-ఎ-మాల్, దఫ్తర్-ఎ-దీవానీ అనే రెండు పెద్ద లెక్కల కార్యాలయాలు తరతరాలుగా రెండు కుటుంబాల చేతుల్లో నడిచాయి. మాల్ దఫ్తరు మాల్వాలా కాయస్థులది, దీవానీ దఫ్తరు రాయరాయన్ బ్రాహ్మణులది. చార్మినార్ దగ్గరి మాల్వాలా దేవిడీ ఆ వైభవానికే గుర్తుగా ఉండేది. ఆ దఫ్తర్లలో రాత వేగంగా సాగే షికస్తాలో. సొమ్ముల లెక్క సియాక్‌లో. సియాక్ అంటే అరబ్బీ సంఖ్యావాచకాలను కుదించి చేసిన గుర్తులు. మామూలు అంకెల పక్కన సున్నా చేర్చినట్టు వాటిలో మొత్తాన్ని పెంచేయడం సులువు కాదు. ఖజానాకు ఇంత పనికొచ్చిన నియమం పన్ను కట్టే రైతుకు మాత్రం అంతుపట్టేది కాదు. తన పొలం మీద ఎంత శిస్తు పడిందో తెలియాలంటే చదివిపెట్టేవాడిని ఆశ్రయించాల్సిందే. ఏకరూపతలో ఈ దఫ్తర్లకు వంక పెట్టలేం. కానీ ఆ ఏకరూపత ఎవరి సౌకర్యం కోసమో మరచిపోకూడదు.

1880ల మధ్యలో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసే పని తలకెత్తుకుంది. ప్రతులను పోల్చి పాఠభేదాలను అడుగున చూపడం, ఆ పని ఏళ్ల తరబడి ఒకే తీరున చేయడం ఈ నగరం అక్కడ నేర్చుకుంది.

అసలు పరీక్ష 1917లో ఎదురైంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టాలని నిర్ణయించాడు. భౌతికశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగ్, న్యాయం అన్నీ ఉర్దూలోనే చెప్పాలి. పుస్తకాలు లేవు, పారిభాషిక పదాలూ లేవు. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను తెరిచి మౌల్వీ అబ్దుల్ హఖ్‌కు అప్పగించారు. ‘ఉమ్రావ్ జాన్ అదా’ నవలాకారుడు మీర్జా హాదీ రుస్వా, కవి నజ్మ్ తబాతబాయీ అక్కడ పనిచేశారు. తర్వాత జోష్ మలీహాబాదీ వచ్చాడు. నవలాకారులూ కవులూ వృక్షశాస్త్రం పుస్తకాల మీద తలలు వంచి కూర్చున్న సంస్థ అది.

దాని గొప్పతనం పని నడిపిన తీరులో ఉంది. పదనిర్ణయ సమితిలో శాస్త్రం తెలిసినవాళ్లూ భాష తెలిసినవాళ్లూ పక్కపక్కనే కూర్చునేవారు. శాస్త్రజ్ఞుడు అర్థం చెబితే పండితుడు పదం ఇవ్వాలి. ఆ పదం అర్థానికి సరిపోయిందో లేదో మళ్లీ శాస్త్రజ్ఞుడే తేల్చాలి. వాదనలు తీవ్రంగానే జరిగాయి. అరబ్బీ ధాతువుల నుంచే పదాలు చేయాలన్నది ఒక పక్షం. ఉర్దూ హిందూస్థానీ నేల మీద పుట్టిన భాష గనుక దాని సొంత ప్రత్యయాలనూ దేశిపదాలనూ వాడుకోవాలన్నది వహీదుద్దీన్ సలీం పక్షం. ఆయన తన వాదాన్ని సూత్రాలుగా విడదీసి 1921లో ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ పుస్తకంగా తెచ్చాడు. పదాలు ఎలా చేయాలో చెప్పే పుస్తకం, అంటే నియమాలకు నియమావళి. ఆనాటి కృషిలో క్రమం ఎంత బలమైందో శాస్త్రాల పేర్లే చెబుతాయి: తబీయియాత్, నబాతియాత్, హైవానియాత్, మఆషియాత్, సియాసియాత్, నఫ్సియాత్. ఒకే ప్రత్యయం అన్నింటి చివరా పలుకుతుంది. మొదటిసారి విన్న విద్యార్థికి కూడా ఇదొక శాస్త్రం పేరని తడుతుంది. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది, ఆ పేర్లు మాత్రం ఉర్దూలో ఇంకా బతికే ఉన్నాయి. విద్యార్థి నోట నిలిచేలా పదం చేయడం వల్లనే ఇది సాధ్యమైంది.

మరి అదే నగరంలో తెలుగు? షికాగో నియమావళి వచ్చిన 1906లోనే హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి చరిత్ర, శాస్త్ర విషయాలను తెలుగు పుస్తకాలుగా తేసాగారు. వెనక ప్రభుత్వం లేదు, చందాదారులే అండ. మండలి రెండేళ్లకే మద్రాసుకు తరలింది. అటు కోస్తాలో చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణాన్ని కొలబద్దగా పట్టుకున్నవాళ్లకూ, వాడుకభాష కావాలన్న గిడుగు రామమూర్తి, గురజాడలకూ మధ్య బడి పుస్తకాల భాష మీద యుద్ధం నడుస్తోంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టే నాటికి నిజాం రాజ్యపు తెలుగువారికి బడిలో తమ భాషే అరుదు. శైలి చర్చకంటే ముందు రాసే హక్కే తేలాల్సిన కాలం అది. నిజాం ఇలాకాలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు.

ఉర్దూ రాత నియమాలకు పాతబస్తీలో ఇంకో కాపలాదారు ఉన్నాడు: కాతిబ్, అంటే లేఖరి. 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీఖాన్, మహబూబ్ హుస్సేన్ జిగర్ ‘సియాసత్’ ప్రారంభించినప్పుడు ఉర్దూ దినపత్రిక అంటే ప్రతి అక్షరమూ చేత్తో రాసిందే. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు పక్కపక్కన నిలబడవు, ఏటవాలుగా ఒకదాని మీది నుంచి ఒకటి జారతాయి. సీసపు అచ్చులకు అది లొంగలేదు. కాతిబ్ పూత పూసిన కాగితం మీద ప్రత్యేకమైన సిరాతో రాస్తే, దాన్ని పలకకెక్కించి అచ్చువేసేవారు. పంక్తి చివర చోటు చాలకపోతే పదాలను కలిపేసేవాడు, మిగిలితే సాగదీసేవాడు. కాబట్టి ‘ఇస్ కే’, ‘ఉస్ కో’ విడిగా ఉండాలా కలిసి ఉండాలా అన్నది వ్యాకరణం కాక కాగితం వెడల్పు తేల్చేది. ఈ అయోమయాన్ని సర్దడానికి తరఖ్ఖీ ఉర్దూ బోర్డు తరఫున గోపీచంద్ నారంగ్ సంపాదకత్వంలో 1974లో ‘ఇమ్లా నామా’ వచ్చింది. అదే ఏడు రషీద్ హసన్ ఖాన్ ‘ఉర్దూ ఇమ్లా’ కూడా వెలువడింది. పదాలు విడివిడిగా రాయాలి, ఒత్తు హకారాన్ని మామూలు హకారంతో కలపకూడదు అన్న సూచనలు అప్పుడు గట్టిపడ్డాయి. నిజానికి కాతిబ్ చేతికి ఈ నియమాలు బరువే. చోటు సర్దుకునే స్వేచ్ఛ పోతే పేజీ కుదరదు.

ఆ చిక్కును చివరికి యంత్రం మరోలా తెంచింది. మీర్జా అహ్మద్ జమీల్ చేత్తో రాసిన వేలాది అక్షరకూటాలతో 1981లో నూరీ నస్తాలీఖ్ ఫాంటు తయారైంది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రతి చిన్న ప్రెస్సులోని కంప్యూటర్లోకీ తెచ్చింది. కొన్నేళ్లలోనే కాతిబ్‌ల కుర్చీలు ఖాళీ అయ్యాయి. వాళ్లతో పాటు తప్పు కనిపెట్టే కంటిని కూడా పత్రికలు పోగొట్టుకున్నాయి. మంచి కాతిబ్ రాసేటప్పుడే వాక్యాన్ని చదివేవాడు, వర్ణక్రమం తప్పితే సంపాదకుణ్ణి అడిగేవాడు. ఆ నష్టం పూడలేదు.

ఇన్షా సంప్రదాయం చూడాలంటే ఇప్పుడు పురానీ హవేలీ దాపునున్న ఛత్తా బజార్‌కు వెళ్లాలి. పెళ్లిపత్రికల అచ్చుకు పేరుపడ్డ వీధి. అక్కడి ఉర్దూ పెళ్లిపత్రికలో ‘అఖ్ద్-ఎ-మస్వూద్’ (శుభవివాహం), ‘వలీమా మస్నూనా’ (పెళ్లివిందు) అన్నవి ఎక్కడ రావాలో అక్కడే వస్తాయి. ‘ముతమన్నీ-ఎ-షిర్కత్’ (రాకను కోరేవారు) కింద ఎవరి పేరు, ‘చష్మ్ బరాహ్’ (ఎదురుచూసేవారు) కింద ఎవరి పేర్లు అన్నది ఇంటి పెద్దరికాన్ని బట్టి తేలుతుంది. తెలుగు శుభలేఖలోనూ ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ పైన, చి., చి.ల.సౌ. పేర్లకు ముందు, ‘బంధుమిత్రుల అభినందనలతో’ అడుగున. ఎవరూ పుస్తకం తెరిచి చూడరు, క్రమం మాత్రం తప్పదు. గవాన్ కాలం నాటి హోదా మర్యాదలు ఇంకా ఆజ్ఞగా చెల్లుతున్న చోటు బహుశా ఇదొక్కటే.

తెలుగు పత్రికల శైలి మాత్రం హైదరాబాద్‌లో ఆలస్యంగా రూపుకట్టింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పుస్తకాలకు పదకోశాలు సిద్ధం చేసింది. 1975లో ఈనాడు హైదరాబాద్ కూర్పు వచ్చింది. అకాడమీలో పనిచేసి తర్వాత ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపాల్ అయిన బూదరాజు రాధాకృష్ణ ఈ రెండు లోకాలకూ వంతెన వేశాడు. ‘ఆధునిక వ్యవహారకోశం’, ‘మంచి జర్నలిస్టు కావాలంటే’ వంటి పుస్తకాలతో ఒక తరం ఉపసంపాదకులకు చేతికర్ర అందించాడు. ‘చేశాడు’ రాయాలా ‘చేసాడు’ రాయాలా అన్న ప్రశ్న నుంచి, ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి దించకూడదన్న హెచ్చరిక దాకా ఆయన పట్టుదల పత్రికాభాషను చక్కబరిచింది. ఈనాటి తెలుగు వార్త తేటగా ఉంటే ఆ కృషికి అందులో పెద్ద వాటా ఉంది.

అయితే ఆ ప్రామాణిక భాషకు ఆధారం ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి పలుకు. పాతబస్తీ తెలుగువారి మాటకు అందులో చోటు దొరకలేదు. ఇది చిన్న లోటు కాదు. ఒక ప్రాంతం పలుకును తప్పుగా గుర్తించి దిద్దడం మొదలుపెడితే, ఆ ప్రాంతం మనిషి రాయడానికే జంకుతాడు. తెలంగాణ ఉద్యమం ఈ గాయాన్ని నోరు తెరిచి చెప్పింది. 2011లో ‘నమస్తే తెలంగాణ’ వచ్చాక శీర్షికల్లో ఇక్కడి పలుకుబడి ధైర్యంగా కనిపించింది. రాష్ట్రం ఏర్పడ్డాక కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. లాల్‌దర్వాజ సింహవాహిని బోనాల వార్తల్లో ఘటం, తొట్టెల, ఫలహార బండి, రంగం అన్న మాటలు వివరణ లేకుండానే వస్తున్నాయి. శైలి పుస్తకాలు దిద్దేవాళ్లు ఈ మాటలను తలుపు దగ్గర నిలబెట్టకుండా లోపలికి తీసుకుని, వాటి వర్ణక్రమాన్ని తేల్చిపెట్టాలి.

2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికారభాషగా చేసే బిల్లును ఆమోదించింది. ఆ తర్వాత కార్యాలయాల్లో అర్జీలను అనువదించడానికి ఉర్దూ అధికారులు వచ్చారు. వాళ్ల బల్ల మీద ఉండాల్సిన మొదటి పుస్తకం రెండు భాషల పాలనా పదకోశం. దారుల్ తర్జుమా చూపిన దారిలో తహసీలు పని తెలిసినవాళ్లనూ భాష తెలిసినవాళ్లనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెడితే అది తయారవుతుంది. పని సున్నా నుంచి మొదలు కాదు కూడా. దరఖాస్తు, ఫిర్యాదు, జమాబందీ, పహాణీ, తహసీల్దారు, వకాలత్‌నామా, నకలు, దస్తావేజు రెండు వైపులా ఇప్పటికే నడుస్తున్న మాటలే. తేల్చాల్సింది వాటి వర్ణక్రమం, వాటికి పక్కన కొత్తగా వచ్చిన చట్టాల పదాలు.