సృష్టి దినం – ముఖ్యార్థబాధ: ఏలూరు, కొల్లేటి నేపథ్యం

1854లో చర్చి మిషనరీ సొసైటీ ఏలూరులో కేంద్రం నెలకొల్పేనాటికి పురాణాల సృష్టికథలు ఇక్కడి శ్రోతలకు సుపరిచితాలు. వాటిలో బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల మానవ సంవత్సరాలు. బైబిలు ఆదికాండంలో సృష్టి ఆరు దినాల్లో జరిగింది. సూర్యుడు నాలుగవ దినాన ఏర్పడ్డాడు. మరి తొలి మూడు దినాలు ఎటువంటివి? మూడవ శతాబ్దిలోనే ఆరిజెన్ ఈ ప్రశ్న లేవనెత్తాడు.

మన ఆలంకారికుల పరిభాషలో ఇది ముఖ్యార్థబాధ. 'గంగలో గొల్లపల్లె' అన్నప్పుడు వాచ్యార్థం పొసగదు గనుక లక్షణచేత 'గంగ ఒడ్డున' అని గ్రహిస్తాం. 'కొల్లేటిలో ఊరు' అన్నప్పుడు లక్షణ అక్కరలేదు. లంక గ్రామాలు సరస్సులోనే ఉన్నాయి. కాబట్టి వస్తుస్థితిని పరిశీలించిన తరువాతే అర్థనిర్ణయం చేయాలి. బాధ ఉన్నచోట లక్ష్యార్థాన్ని స్వీకరించడం గ్రంథ తిరస్కారం కాదు, పఠన ధర్మం.