గొట్టాల నడుమ బట్ట: ఎక్స్‌పాన్షన్ జాయింట్ల మరమ్మతు చరిత్రలో రాతినార

పారిశ్రామిక చరిత్ర రచనలో యంత్రాన్ని కనిపెట్టినవారికి దక్కిన చోటు దాన్ని మరమ్మతు చేసినవారికి దక్కలేదు. థర్మల్ విద్యుత్కేంద్రంలో బాయిలర్ నుంచి పొగగొట్టం వరకు సాగే డక్టులలోని బట్ట ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఇందుకు నిదర్శనం.

ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. పది మీటర్ల డక్టు ఉష్ణోగ్రత 300 డిగ్రీలు పెరిగితే దాని పొడవు సుమారు 36 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకు చోటివ్వకపోతే ఫ్లాంజీలు వంగుతాయి, వెల్డింగులు పగులుతాయి. కనుక రెండు డక్టు ముక్కల మధ్య ఖాళీ విడిచి, దానిచుట్టూ వేడికి తాళే బట్టను పట్టీలతో, బోల్టులతో బిగిస్తారు. చాలాకాలం ఈ పనికి రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, బట్టనే విరివిగా వాడారు.

ఆ బట్ట కలకాలం మన్నేది కాదు. వాయువు చల్లబడితే గంధకామ్లం చెమర్చి పొరలను దెబ్బతీస్తుంది. బూడిద మడతల్లో పేరుకొని గట్టిపడితే కదలిక ఆగి బట్ట చిరుగుతుంది. వేడి వృథా అవుతోందని జాయింటుపై ఇన్సులేషన్ కప్పడం మరో పొరపాటు. బయటి గాలికి చల్లబడవలసిన బట్ట దాని కిందే మాడిపోతుంది. చిరుగుపై మాసిక వేయడం తదుపరి షట్‌డౌన్ వరకు నెట్టుకురావడానికే. అసలు మరమ్మతు అంటే పాత బట్టను కోసి తీసి, పట్టీలను, లోపలి రేకును సరిచేసి, కొత్తది బిగించడం. ఆ కోత దగ్గరే రాతినార ధూళి లేచేది.

ఈ ప్రమాదం ఎవరికీ తెలియనిది కాదు. బ్రిటన్‌లోని రోచ్‌డేల్‌లో రాతినార మిల్లు కార్మికురాలు నెల్లీ కెర్షా మరణాన్ని 1924లో కుక్ అనే వైద్యుడు ఆ ధూళితో ముడిపెట్టాడు. 1930లో మెరెవెదర్, ప్రైస్‌ల నివేదిక, మరుసటి ఏడు నిబంధనలు వచ్చాయి. అయితే ఆ నిబంధనల దృష్టి ప్రధానంగా బట్ట తయారయ్యే మిల్లుపైనే నిలిచింది. దాన్ని బిగించేవాడు, పీకేవాడు దాని ఆవలే ఉండిపోయారు. 1964లో సెలికాఫ్ బృందం 632 మంది అమెరికన్ ఇన్సులేషన్ కార్మికులపై ప్రచురించిన అధ్యయనం ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు అంచనాను ఎంతగానో మించాయని చూపింది. వాడకం స్థలాలకూ విస్తరించిన బ్రిటిష్ నిబంధనలు 1969లో గాని రాలేదు.

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు నడిచిన మనకు ఇది పరాయి చరిత్ర కాదు. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను చేరిన నాటినుంచి 40 ఏళ్లు, లేదా విరమణ తరువాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. తీర్పు ఉదాత్తమైనదే. కాని అది స్థిరమైన కొలువున్న కార్మికుణ్ణి మనసులో ఉంచుకున్నదనిపిస్తుంది. షట్‌డౌన్‌లో వారం రోజులకు వచ్చి వెళ్లే కాంట్రాక్టు కూలీకి 40 ఏళ్ల రికార్డు ఎవరు రాస్తారు?

గాజునార, టెఫ్లాన్ పొరలు రాతినార స్థానాన్ని తీసుకున్నాక కూడా ఈ ప్రశ్న మిగిలే ఉంది. ఏ జాయింటులో ఏ బట్ట ఉండేదో, దాన్ని ఏ ఏడు ఎవరు విప్పారో చెప్పగలిగేవి నిర్వహణ విభాగాల పాత రిజిస్టర్లు, కాంట్రాక్టర్ల మస్టర్లు. వాటిని చిత్తుకాగితాల కింద అమ్మకముందే చరిత్రకారులు చూడవలసి ఉంది.