ప్రాస్పెక్టివ్

ప్రాస్పెక్టివ్ అనేది ఇంకా జరగని, జరిగే అవకాశమున్న విషయాన్ని గానీ, ఒక హోదాను ఇకముందు పొందగల వ్యక్తిని గానీ సూచించే ఇంగ్లిష్ విశేషణం. 'ముందుకు చూడడం' అనే అర్థమున్న ప్రోస్పికెరె అనే లాటిన్ క్రియ దీనికి మూలం. సాధారణంగా నామవాచకానికి ముందు వస్తుంది. ప్రాస్పెక్టివ్ బయ్యర్ అంటే కొనే ఆలోచనలో ఉన్న వ్యక్తి. బేరం కుదరకపోనూ వచ్చు. ఖాయమైన కార్యక్రమానికి 'అప్‌కమింగ్' సరిపోతుంది. దృక్కోణాన్ని తెలిపే 'పర్‌స్పెక్టివ్' దీనికి ధాతువులో చుట్టమే అయినా అర్థంలో వేరు.

వైద్య పరిశోధనలో, ముందుగా వ్యక్తులను ఎంచుకుని తర్వాతి ఏళ్లలో వారి ఆరోగ్యాన్ని గమనించేది ప్రాస్పెక్టివ్ అధ్యయనం. 1948లో అమెరికాలో 5,209 మందితో మొదలైన ఫ్రామింగ్‌హామ్ హృద్రోగ అధ్యయనం ఇలాంటిదే.

ఈ పదానికి అత్యంత బరువైన ప్రయోగం న్యాయశాస్త్రంలో ఉంది. అమలు తేదీ నుంచి ముందుకు మాత్రమే వర్తించే చట్టం ప్రాస్పెక్టివ్, గతానికీ వర్తించేది రెట్రోస్పెక్టివ్. చేసిన నాటికి నేరం కాని పనికి తర్వాతి చట్టంతో శిక్ష వేయడాన్ని భారత రాజ్యాంగం 20(1) అధికరణ నిషేధిస్తుంది. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు తీర్పులో, రాజమండ్రిలో జన్మించిన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 'ప్రాస్పెక్టివ్ ఓవర్‌రూలింగ్' సూత్రాన్ని భారత న్యాయవ్యవస్థలో ప్రవేశపెట్టారు. ప్రాథమిక హక్కులను కుదించే రాజ్యాంగ సవరణలు ఇకపై చెల్లవంటూనే, ఈ సూత్రంతో పాత సవరణలను ఆ తీర్పు నిలిపి ఉంచింది. ఆ తీర్పును 1973లో కేశవానంద భారతి కేసు తోసిపుచ్చినా, ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు తర్వాత కూడా ప్రయోగించింది.