‘ఖేడ్’ అంటే ఊరే

నారాయణఖేడ్ వాళ్లకు పూర్తి పేరుతో పని లేదు. “ఖేడ్ పోతున్న” అంటే చాలు. సంస్కృతంలో ‘ఖేటం’ అంటే పల్లె కంటే పెద్దది, నగరం కంటే చిన్నది అయిన ఊరు. చుట్టూ మట్టిగోడ ఉన్న ఊరని జైన గ్రంథాలు చెబుతాయి. మరాఠీ నేల మీద ఈ మాట ‘ఖేడ్’ రూపంలో తరచూ వినిపిస్తుంది. పుణె దగ్గరి రాజ్‌గురునగర్ పాత పేరూ ఖేడే. మన పల్లి, పాడు, గూడెంల మధ్య ఇదెక్కడిది అనుకునేవాళ్లు పాత సరిహద్దులు చూడాలి. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ పక్కపక్కనే బతికిన జిల్లా అది. రాష్ట్రాల పునర్విభజనతో తాలూకా మెదక్‌కు వచ్చింది. 2016లో నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో చేరింది.