రొద నడుమ మాట: వృద్ధుల శ్రవణశిక్షణ – చారిత్రక పరిశీలన

“మాట వినిపిస్తున్నది, అర్థం కావడం లేదు” అన్నది వృద్ధుల నోట తరచు వచ్చే ఫిర్యాదు. నలుగురు కూడినచోట ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. వినికిడి పరీక్షలు మాత్రం చాలాకాలం నిశ్శబ్దమైన గదిలోనే సాగాయి.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో పెన్సిల్వేనియాలోని డెషాన్ సైనిక వైద్యశాలలో రేమండ్ కార్‌హార్ట్ వినికిడి దెబ్బతిన్న సైనికులకు శిక్షణ నిర్వహించారు. రొదలో వినడాన్ని కూడా అభ్యాసం చేయించాలన్నది ఆయన పద్ధతి. శిక్షణలో రొదకు దక్కిన చోటు పరీక్షలో దక్కలేదు. పోటీమాటల నడుమ గ్రహణశక్తినీ కొలవాలని 1970లో టిల్‌మన్‌తో కలిసి ఆయనే మళ్లీ చెప్పవలసి వచ్చింది.

ఈలోగా 1953లో కోలిన్ చెర్రీ ప్రయోగాలు సమస్యను చెవి నుంచి అవధానానికి మళ్లించాయి. ఒక చెవిలోని మాటలను వెంటవెంటనే పలుకుతున్న శ్రోతలు, రెండవ చెవిలో ఇంగ్లీషు జర్మన్‌గా మారినా గుర్తించలేదు! ఇక రెండు పనులు ఒకేసారి చేయడంలోని భారాన్ని 1997లో స్వీడన్ పరిశోధకులు చూపారు. నడుస్తూ మాట మొదలుపెట్టగానే ఆగిపోయే వృద్ధులు తరువాతి ఆరు నెలల్లో ఎక్కువగా కిందపడ్డారు.

ఈ రెండు ధారలూ కలిసిన చోట ‘లేస్’ అనే కంప్యూటర్ శిక్షణ వచ్చింది. స్వీటో, సేబ్స్ 2006లో దాని ఫలితాలు ప్రకటించారు. రొదలో వినడంతోపాటు వేగంగా పలికిన మాటను అందుకోవడం, విన్నది గుర్తుంచుకోవడం అందులోని అభ్యాసాలు. అయితే 2016లో వెలువడిన యాదృచ్ఛిక పరీక్షలో, వినికిడి యంత్రానికి ఈ శిక్షణను జోడించినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఆ పరీక్షలో పాల్గొన్నవారూ మాజీ సైనికులే.