గోడ స్పీకర్ వెనక మూడు నంబర్లు, రెండొందల ఏళ్ళ కథ

రాయదుర్గంలో కొత్త ఫ్లాట్‌లోకి దిగినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదీ: "బ్రో, హాల్లో గోడకి స్పీకర్లు పెట్టిస్తున్నా, ఎన్ని వాట్ల ఆంప్లిఫయర్ కొనాలి?" నిజానికి వాట్లు చివర్లో చూసుకోవాలి. ముందు స్పీకర్ వెనకో, మాన్యువల్‌లోనో మూడు నంబర్లు వెతకండి. ఒక్కో నంబర్ ఒక్కో కాలం నుంచి వచ్చింది.

మొదటిది ఓమ్స్. జర్మనీలో లెక్కల మాస్టారు గేయోర్గ్ ఓమ్ 1827లో తన సూత్రం అచ్చువేశాడు. వోల్టేజ్ అంతే ఉండి రెసిస్టెన్స్ సగమైతే కరెంట్ రెట్టింపవుతుంది. పాత వాల్వ్ ఆంప్లిఫయర్లలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, దానికి 4, 8, 16 ఓమ్స్‌కి వేరువేరు కనెక్షన్లు ఇచ్చేవాళ్ళు. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు మాయమైంది. దాంతో భారం నేరుగా ట్రాన్సిస్టర్ల మీద పడింది. రెండు 8 ఓమ్స్ స్పీకర్లని ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్, నాలుగు కలిపితే 2. "ఇంకో జత తగిలిద్దాం" అనుకున్నప్పుడు ఆంప్ వేడెక్కి ఆగిపోయేది, ఒక్కోసారి కాలిపోయేది అందుకే.

రెండోది సెన్సిటివిటీ. ఇక్కడికి దగ్గర్లోనే గోల్కొండ ఉంది కదా. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీద బాలా హిసార్‌లో వినపడుతుంది. కరెంట్ లేదు, వాట్లు లేవు. శబ్దం చెదిరిపోకుండా ఒక దారిలో పంపే కట్టడం ఉంది. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చిన రోజుల్లో సినిమా హాళ్ళకి కూడా శబ్దాన్ని అలా దారిలో పెట్టే పెద్ద పెద్ద హారన్లే దిక్కు. అప్పటి ఆంప్లిఫయర్లు ఇచ్చే కొద్ది వాట్లతోనే హాలంతా నిండేది.

మరి ఇప్పుడు చిన్న స్పీకర్‌కి 100 వాట్లు ఎందుకు? 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ చిన్న సీల్డ్ పెట్టెలోంచి లోతైన బేస్ తెప్పించి చూపించాడు. ఫ్రీగా రాలేదు. పెట్టె చిన్నదిగా ఉండి బేస్ కూడా కావాలంటే సెన్సిటివిటీ తగ్గించుకోవాలి. 86 డీబీ స్పీకర్‌కి, 92 డీబీ స్పీకర్‌కి తేడా చూడ్డానికి ఆరే. కానీ అదే శబ్దం రావాలంటే మొదటిదానికి నాలుగు రెట్లు పవర్ కావాలి.

మూడోది, చాలామందిని ముంచేది: 100 వోల్ట్ లైన్. రైల్వే స్టేషన్లు, ఫంక్షన్ హాళ్ళు, ఆఫీసుల్లాంటి చోట్ల వైర్లు చాలా దూరం వెళ్ళాలి. కరెంట్‌ని హై టెన్షన్ లైన్లో పంపినట్టే, ఇక్కడా వోల్టేజ్ పెంచి సన్న వైర్లో పంపుతారు. ప్రతి స్పీకర్‌లో ఓ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తూ అలాంటివి చవగ్గా ఇచ్చారని తెచ్చి ఇంటి ఆంప్‌కి తగిలించారనుకోండి. 10 వాట్ల ట్యాప్ అంటే లెక్కలో 1000 ఓమ్స్. 8 ఓమ్స్‌కి 50 వాట్లిచ్చే ఆంప్ ఇవ్వగలిగేది 20 వోల్టులు. అంటే స్పీకర్‌కి చేరేది 0.4 వాట్. పాట ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంటుంది. మన కోడ్ భాషలో చెప్పాలంటే రెండు వైపులా బగ్ లేదు, ఇంటర్‌ఫేసే వేరు.

కాబట్టి వరస ఇదీ. ముందు 100 వోల్ట్ స్పీకరా, మామూలుదా చూడండి. తర్వాత అన్నీ కలిపితే వచ్చే ఓమ్స్, మీ ఆంప్ వెనక రాసిన కనిష్ఠ ఓమ్స్ కంటే తగ్గకూడదు. ఆ తర్వాత సెన్సిటివిటీ, అప్పుడు వాట్లు. గోడకి ఆనించిన స్పీకర్‌కి బేస్ ఎలాగూ పెరుగుతుంది, ఆంప్‌లో బేస్ కాస్త తగ్గించి వినండి. అపార్ట్‌మెంట్లో ఆ గోడకి అటు వైపు ఇంకో ఇల్లుంటుంది. 2000 నాటి నాయిస్ రూల్స్ ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డీబీ.

మీ స్పీకర్ వెనక రాసున్నవి కామెంట్లో పెట్టండి, లెక్క కలిసి వేద్దాం. ఉంటాను.