మోర్వెన్‌స్టో: అపరిచిత మృతులు, సంఘకాపరి బాధ్యత

ఇంగ్లాండులోని కార్న్‌వాల్ ఉత్తర తీరాన మోర్వెన్‌స్టో అనే చిన్న గ్రామముంది. ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన శవాలను తీరంలోనే పూడ్చడం అక్కడి పాత వాడుక. వాటిని చర్చి ఆవరణలో సమాధి చేయాలని 1808లో చట్టం వచ్చింది. 1834లో నియమితులైన సంఘకాపరి రాబర్ట్ స్టీఫెన్ హాకర్ ఆ విధిని తన పరిచర్యగా స్వీకరించారు. 1842లో పగిలిన 'కలెడోనియా' ఓడ ముందుభాగపు బొమ్మ దాని నావికుల సమాధికి గుర్తయింది. నేడు అసలు బొమ్మ చర్చి లోపల, నకలు సమాధివద్ద ఉన్నాయి. కొట్టుకువచ్చిన కలపతో హాకర్ కట్టుకున్న గుడిసె కొండ అంచున ఇప్పటికీ ఉంది.

1843లో ఆయన జరిపిన కృతజ్ఞతారాధన ఆధునిక కోతపండుగకు నాంది అంటారు. ఆ పండుగను మన సంఘాలూ ఆచరిస్తున్నాయి. అయితే పంటకు స్తుతి చెల్లించిన కాపరే పేరు తెలియని మృతునికి సమాధి ఇచ్చాడని మనం గమనించాలి. సంఘపు పుస్తకంలో పేరు లేనివాడు మరణిస్తే మనమేమి చేస్తున్నాము?